మార్చమంటారా?

"గళ్లు నింపడానికి కూడా అంత తొందరెందుకే?" అన్నాడు మా ఆయన, నేను నాలుగు డబ్బాల్లో అన్నం సర్దుతుంటే. పన్నెండేళ్లుగా వింటున్న మాటే. డయాలసిస్ సెంటర్లో ఏ రోగి ఏ పూట రావాలో, ఎవరికి ఏ మందు పడదో ఆన్‌లైన్ షీట్‌లో రాసిపెట్టడం నా ఉద్యోగం. మా అత్తగారైతే చుట్టాల ముందు "ఏదో కంప్యూటర్ ముందు కూర్చుంటుందిలే" అని తేల్చేస్తారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. అలా నవ్వీ నవ్వీ, అది నిజమేనేమో అనిపించే స్థితికొచ్చాను.

ఆ వారమే మా మేనేజరు ఒక ఏఐ ఏజెంట్‌ని తెచ్చాడు. రోగులు పంపే మెసేజీలు చదివి షీట్ అదే నింపేస్తుందట. "ఇక మీకు హాయి మేడమ్," అన్నాడు. ఆ హాయి ఎటు దారి తీస్తుందో నాకు తెలియకపోలేదు.

మూడో రోజు పదింటికి, మా దగ్గర డయాలసిస్ చేయించుకునే డ్రాయింగ్ టీచరమ్మ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నర్సు సిరంజి అందుకోగానే నేను లేచి అడ్డం వెళ్లాను.

"ఆగు! ఆవిడకి రక్తం పలచబడే మందు వద్దు. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది."

"షీట్‌లో అలా లేదక్కా!"

నిజంగానే లేదు. "రేపు పదింటికి వస్తాను" అని టీచరమ్మ పంపిన మెసేజీని, ఏజెంట్ నేను రాసుకున్న హెచ్చరిక మీదే రాసేసింది. దానికి పాపం ఏ దురుద్దేశమూ లేదు. ఎక్కడ రాయకూడదో దానికెవరూ చెప్పలేదంతే.

"మీరే పొరపాటున చెరిపేశారేమో," అన్నాడు మేనేజరు. ఒకప్పుడైతే "అయ్యుంటుందండీ" అనేదాన్నే. ఈసారి షీట్‌లో మార్పుల చరిత్ర తెరిచి చూపించాను. నలభై ఒక్క గళ్లు. అన్నిటి పక్కనా ఏజెంట్ పేరే. ఆయన మొహం వాడిపోయింది.

"తీసేద్దామా దీన్ని?"

"ఎందుకండీ? చురుకైనదే. హద్దులు చెబితే చాలు."

రెండు రోజులు కూర్చున్నాను. ఏజెంట్‌కి వేరే షీట్ ఇచ్చాను. ఏం రాసినా అక్కడే రాయాలి, ఎవరి మెసేజీ చూసి రాసిందో పక్కన పెట్టాలి. నేను చూసి సరేనంటేనే అసలు షీట్‌లోకి వెళ్లాలి. మందుల వరసకి తాళం వేశాను. తర్వాత దొంగ మెసేజీలు పంపి పరీక్ష పెట్టాను. మొదటి రెండుసార్లు బోల్తాపడింది. నియమం ఇంకాస్త విడమరిచి రాశాక, మూడోసారి తెర మీద ఒక వాక్యం వచ్చింది: "ఈ గడిలో ముందే సమాచారం ఉంది. మార్చమంటారా?"

"అబ్బ, మా ఇంట్లో నన్నొక్కరైనా ఇలా అడిగారా అక్కా!" అంది నర్సు. ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. టీచరమ్మ కూడా కుర్చీలోంచే నవ్వు కలిపారు.

సాయంత్రం మా సెంటర్లన్నీ నడిపే డాక్టరమ్మ పిలిచారు. మిగతా నాలుగు సెంటర్లకీ ఈ పద్ధతే కావాలట, ఆదివారం నన్నే వచ్చి నేర్పమన్నారు. నేను రాసిన నియమాల కాగితం కింద మేనేజరు తన పేరు పెట్టుకున్నాడు. "అక్కడ నా పేరుండాలండీ," అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది.

ఇంటికెళ్లేసరికి మా ఆయన ఫోన్ పెట్టేస్తూ, "ఆదివారం మావాళ్లని భోజనానికి పిలిచాను, పదిమంది," అన్నాడు.

"ఆదివారం నేనుండను. పాఠం చెప్పడానికి వెళ్తున్నా. వంట మీరు చేయండి."

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వెళ్లిరావే తల్లీ," అన్నారు. "ఉప్పెంతెయ్యాలో వీడికి నేను చెబుతాను. చెయ్యి మాత్రం పెట్టను."