ఎడమవైపు ఖాళీ

సోమవారం ఉదయం పదింటికి సమావేశాల గదిలో కర్టెన్లు మూసి, ప్రొజెక్టరు మీది దుమ్ము తుడిచి, మీట నొక్కడం ఆమె పని. అది వేడెక్కేదాకా ఒక నిమిషం ఆగాలి. తెర మీద ముందు నీలంగా, తర్వాత తెల్లగా వెలుగు పడుతుంది. ఆ వెలుగులో, ఎడమ పక్కన, పొడుగాయన నీడ నిలబడి ఉంటుంది. ఆమె దాన్ని ఒకసారి చూసుకుని లాప్‌టాప్ తెరుస్తుంది.

పొడుగాయన ఆ కంపెనీ వదిలి వెళ్లి ఆరేళ్లయింది. నీడ మాత్రం వెళ్లలేదు. గోడకి గడియారం ఉన్నట్టు తెరకి నీడ ఉంది, అంతే. కొత్తగా చేరినవాళ్లకి క్యాంటీను ఎటో, స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పేటప్పుడే ఇదీ చెప్పేవాళ్లు. "ఎడమవైపు ఏమీ పెట్టకండి, అక్కడ నీడ ఉంటుంది."

అది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. భవనాలు కట్టేవాళ్లని పిలిచి, మా లిఫ్టే ఎందుకు కొనాలో స్లైడ్లు వేసి చెప్పాలి. ఆ స్లైడ్లు చేసేది ఆమె. అందుకని ఆఫీసంతా ఆమెని స్లైడ్లక్క అంటారు. ఆమెకి నలభై ఒకటి. రిటైరవడానికి రెండేళ్లున్న మేనేజరు కూడా మొహమాటం లేకుండా అక్కా అనే పిలుస్తాడు. అలా పిలవని మనిషి పొడుగాయన ఒక్కడే. ఆయన "ఏమండీ" అనేవాడు. ఆ సంగతి ఆమె మొదటి వారంలోనే గమనించింది. గమనించి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లో ఆమె స్లైడ్లూ అందరి స్లైడ్లలాగే ఉండేవి. ఒక్కోదానిలో ఇరవై వరసలు, మూడు పట్టికలు, పక్కనుంచి ఎగురుకుంటూ వచ్చి పడే అక్షరాలు. వాటిని వేసి మాట్లాడే పని పొడుగాయనది, కాని ఆయన వాటిని చదివేవాడు కాదు. వెలుగుకి అడ్డంగా నిలబడి, ఎదుటివాళ్ల మొహాల్లోకి చూస్తూ మాట్లాడేవాడు. సగం పట్టిక ఆయన చొక్కా మీదే పడేది.

"కొంచెం పక్కకి జరగండి, పట్టిక కనపడటం లేదు" అని ఆమె వెనకనుంచి మొత్తుకునేది. చెప్పీ చెప్పీ ఆమెకి నోరు నొప్పి పుట్టింది గాని ఆయన జరగలేదు. చివరికి పట్టికనే జరిపింది. ఎడమవైపు మూడో వంతు ఖాళీగా వదిలేసింది. చోటు తగ్గేసరికి మాటలు తగ్గించక తప్పలేదు. స్లైడుకి ఒకే బొమ్మ, ఒకే మాట, కళ్లజోడు మర్చిపోయి చివరి వరసలో కూర్చున్నాయనకి కూడా కనపడేంత అక్షరాలు.

"ఇంత ఖాళీ దేనికక్కా, ఇంకో పట్టిక పట్టేది కదా" అని మేనేజరు గొణిగాడు.

"చదివేవాళ్లు వినరు సార్. వినేవాళ్లు చదవరు. ఏది కావాలో మీరే తేల్చుకోండి" అంది.

ఆ ఏడాది లిఫ్టులు బాగా అమ్ముడుపోయాయి. పక్క కంపెనీలవాళ్లు ఆ ఖాళీని చూసి కాపీ కొట్టారు. అది ఒక మనిషి కోసం వదిలిన ఖాళీ అని వాళ్లకేం తెలుసు, పాపం.

పొడుగాయనకి ఇంకో అలవాటుండేది. అంతా అయ్యాక "ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా?" అనేవాడు. ఆ మాట అందరూ అంటారు, అని వెంటనే ఫైళ్లు సర్దుకుంటారు. ఆయన మాత్రం నిజంగా ఆగేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మనసులో పది లెక్కపెట్టుకుంటూ. జనం కుర్చీల్లో ఇబ్బందిగా కదిలి, చివరికి కడుపులో ఉన్న అసలు ప్రశ్న అడిగేసేవాళ్లు.

రేవు పట్నంలో లిఫ్టు మెకానిక్కులకి పాఠాలు చెప్పే బడి ఒకటుంది. అక్కడ ఉద్యోగం వచ్చి ఆయన వెళ్లిపోయాడు. వెళ్లే ముందు రోజు కూడా స్లైడ్లు వేశారు. చివర ఎప్పటిలాగే అడిగి, వెనక లాప్‌టాప్ దగ్గరున్న ఆమెకేసి చూస్తూ ఆగాడు. పది దాటింది, ఇరవై దాటింది. ఆమెకి అడగాలనే ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల వంచుకుని, మీట నొక్కి, నల్ల స్లైడు వేసేసింది. సోమవారం ప్రొజెక్టరు వెలిగిస్తే నీడ అక్కడే ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని.

రేవు పట్నం బస్సులో మూడు గంటలు. ఆరేళ్లలో ఆమె ఆ బస్సు ఒక్కసారీ ఎక్కలేదు.

"నీడతో కాపురం చెయ్యలేవే" అనేది వాళ్లమ్మ, ఉతికిన బట్టలు మడతపెడుతూ. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనంటే అడక్కుండా పెడుతున్నాను. అందరూ పెడతారా?"

"వెళ్లి ఏమని అడగనమ్మా?"

"అదీ నేనే చెప్పాలా?"

ఇలా ఉండగా మేనేజరు ఆమెని పిలిచి, తల గోక్కుంటూ విషయం చెప్పాడు. ఆ ప్రొజెక్టరుకి బల్బులు తయారుచెయ్యడం మానేశారట. శుక్రవారం గోడంత టీవీ బిగిస్తారట.

"టీవీ మీద నీడ పడదు కదా సార్" అంది.

"పడదక్కా" అన్నాడు, నేల చూస్తూ. "ఊరంతా తిరిగాను. ఒక్క బల్బు దొరకలేదు."

ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుని ఏడ్చింది. ఆరేళ్లుగా ఆమె ఆ మనిషిని వారం వారం చూస్తోంది. ఇకమీదట చూడకుండా ఎలా ఉండాలో ఆమెకి తెలియలేదు.

గురువారం ఒక ఆసుపత్రి కట్టేవాళ్లు వచ్చారు. తీరా చూస్తే మాట్లాడాల్సిన అమ్మాయికి గొంతు పూర్తిగా పోయింది. "చేసింది మీరే, చెప్పేదీ మీరే కానివ్వండక్కా" అన్నాడు మేనేజరు. పదిహేనేళ్లలో ఆమె ఎప్పుడూ ముందు నిలబడలేదు. వెళ్లి తెరకి కుడివైపు నిలబడింది. ఎడమవైపు నీడ ఉంది. మధ్యలో మొదటి స్లైడు, మెట్ల మొదట్లో ఆగిపోయిన స్ట్రెచరు బొమ్మ. ఒక్క మాట కూడా లేదు. ఆమె వాళ్లని దాన్ని చూడనిచ్చింది. వచ్చినవాళ్లు ఆ మెట్లని చూస్తూ ముందుకి వంగారు.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. "ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా?" అని ఆగింది.

"కరెంటు పోతే?" అని ఒకాయన అడిగాడు. చెప్పింది. మళ్లీ ఆగింది. అప్పుడామె తెరవైపు తిరిగి, బళ్లో పిల్లలాగా చెయ్యెత్తింది.

నీడ చేతులు విప్పుకుంది. తెర మీంచి గోడ మీదికి, గోడ మీంచి నేల మీదికి దిగింది. దారిలో ఉన్న తన సంచీని ఆసుపత్రివాళ్లలో ఒకాయన పక్కకి తీసుకున్నాడు. నీడ గుమ్మం దగ్గర ఆగింది.

"వెళ్లండక్కా" అన్నాడు మేనేజరు. "వైరు నేను చుడతాలెండి."

బయట మిట్టమధ్యాహ్నం. అందరి నీడలూ కాళ్ల కింద ముడుచుకుని ఉంటే, ఇది మాత్రం పొడుగ్గా బస్టాండు వైపు సాగింది. బస్సులో కండక్టరు ఎన్ని టిక్కెట్లని అడిగాడు. "రెండు" అంది. "అయితే ఆయన్ని లోపలికి జరగమనండి, దారికి అడ్డం" అన్నాడు కండక్టరు.

బడి చేరేసరికి నాలుగయింది. తరగతి గది తలుపు తీసే ఉంది. ఆమె వెళ్లి చివరి బల్ల మీద కూర్చుంది. నీడ బల్ల కింద సర్దుకుంది. పొడుగాయన జుట్టు నెరిసింది. ఎప్పటిలాగే వెలుగుకి అడ్డంగా నిలబడ్డాడు గాని, వెలుగు ఆయన్ని పట్టించుకోకుండా తెర మీదికి వెళ్లిపోతోంది. స్లైడు మొత్తం కనపడుతోంది. ఎంత ఘోరంగా ఉందో. ఇరవై వరసలు, మూడు పట్టికలు, ఎగురుకుంటూ వచ్చే అక్షరాలు. చెప్పేవాళ్లు లేకపోతే ఇంతే మరి అనుకుంది. ఆమెకి కళ్లు నిండాయి.

"ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా?" అన్నాడాయన. చేతులు వెనక్కి కట్టుకుని ఆగాడు.

చివరి బల్ల మీంచి ఒక చెయ్యి లేచింది.

ఆయన ఆ చేతిని చాలాసేపు చూశాడు. "అడగండి" అన్నాడు.

"ఏమండీ, మీరు నాతో వచ్చేస్తారా, నన్నే ఇక్కడ ఉండిపొమ్మంటారా?"

పిల్లలు కొందరు అది కూడా పాఠమనుకుని నోట్సులో రాసుకున్నారు. బల్ల కిందనుంచి నీడ మెల్లగా ముందుకి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర చేరింది. తెర మీద ఎడమవైపు మూడో వంతు చీకటైంది. పట్టికలు కనపడటం మానేశాయి. పక్కకి జరగమని ఎవరూ అనలేదు.