కాటు తీయడం

"ఈసారి కార్బన్ పలక ఉన్న బూట్లు కొనుక్కురా. రాగానే కాటు తీసెయ్," అన్నాడు భర్త, సైకిల్ గొలుసుకి నూనె వేయించుకుంటూ. వేయించుకుంటూ అని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, నూనె సీసా ఉన్నది ఆమె చేతిలో. పెడల్ తిప్పుతున్నదీ ఆమే. ఆయన పక్కన కుర్చీలో చేరగిలబడి, పొద్దున తన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో ఫోన్‌లో చూసుకుని మురిసిపోతున్నాడు.

కాటు తీయడమనే మాట వాళ్ళింట్లోనే పుట్టింది. కొత్త చెప్పు కరుస్తుందని లోకమంతా అంటుంది. అది తనని కరవకుండా ఉండాలంటే ముందు ఇంకొకరి కాలిని కరిచి సరదా తీర్చుకోవాలని కనిపెట్టింది మాత్రం ఆయనే. ఆయన చర్మం పల్చన. రెండు కిలోమీటర్లు పరిగెత్తితే చాలు, మడమ వెనక బొబ్బ లేస్తుంది. పరుగు పిచ్చి పట్టిన కొత్తల్లో ఒకరోజు ఆటగా తన బూట్లు ఆమె చేత తొడిగించి చూశాడు. అచ్చు కొలత తీసినట్టు సరిపోయాయి. ఇద్దరిదీ నలభై ఒకటో నంబరే. అంత పొడుగు మనిషికి ఆ పాదాలు చిన్నవని ఆయనకి లోలోపల నామోషీ, అందుకే బూట్ల దుకాణానికి తను వెళ్ళడు. ఆమె పాదాలు పెద్దవని అత్తగారికి బాహాటంగానే నామోషీ. "అమ్మాయ్, అవి పాదాలా పడవలా? ఆడదాని అడుగు ఇంట్లో వినపడకూడదమ్మా," అని కాపురానికొచ్చిన వారానికే అంది. కొడుకువీ అదే కొలత పడవలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇక అప్పటినుంచి కొత్త జత వచ్చినప్పుడల్లా ఆ మొదటి కాటు ఆమెదే. తొలి జతకి ఊరికే నడిచింది. నడిస్తే తొందరగా మెత్తబడటం లేదని పరిగెత్తమన్నాడు. పొద్దున్నే లేచి, ఆయన నీళ్ళ సీసాలు నింపి, అత్తగారికి కాఫీ పెట్టి, ఆ మిగిలిన గంటలో పరిగెత్తింది. ఆరేళ్ళలో పదకొండు జతలు. మొదట్లో వీధి చివరికి వెళ్ళేసరికి ఆయాసపడేది, తర్వాత్తర్వాత వంతెన దాటి, గిడ్డంగులు దాటి, రైలుగేటు దాకా వెళ్ళి వచ్చినా ఊపిరి ఉన్నచోటే ఉండేది. నువ్వు ఎంత పరిగెత్తావని ఆయన ఒక్కనాడూ అడగలేదు. "బూట్లు ఎంత దూరం వెళ్ళాయి?" అని అడిగేవాడు. అవేవో వాటంతట అవే వాకింగ్‌కి వెళ్ళొచ్చినట్టు.

ఆమె ఉద్యోగం కూడా కాళ్ళతోనే. నడక వైద్యం చేసే ఒక క్లినిక్‌లో వెనక గదిలో కూర్చుని రోగుల అరికాళ్ళ అచ్చులు పోస్తుంది. ప్లాస్టర్ పొడి కలిపి, అచ్చు ఆరాక దాని మీద బూట్లలో వేసుకునే మెత్తలు సాగదీసి అరగదీస్తుంది. ఎవరి భారం ఎటు ఒరుగుతుందో, ఎవరి బొటనవేలు అబద్ధమాడుతుందో పాదం ముట్టుకుంటే చెప్పగలదు. చెబుతుంది కూడా. డాక్టరు గారు శ్రద్ధగా విని, ముందుగదిలోకి వెళ్ళి, అదే మాట తన గొంతుతో రోగికి చెప్పి, నమస్కారం పెట్టించుకుంటారు. ఇంటా బయటా ఒకటే తీరు గనక ఆమెకి అదొక వింతగా తోచేది కాదు. ఆ అలవాటుకొద్దీ బూట్ల గురించి కూడా ఒక నోట్‌బుక్ రాసుకుంది. ఏ జత ఎక్కడ కరిచింది, ఎన్నో కిలోమీటరుకి లొంగింది, ఆయన వాడాక అడుగు ఎటుపక్క అరిగింది, అన్నీ. ఉతికేది ఆమే కనక అరుగుదల ఆమె కంట పడకుండా ఎక్కడికి పోతుంది?

ఆ నోట్‌బుక్ దగ్గరే కథ అడ్డం తిరిగింది.

ఆయన పరుగు క్లబ్బు వాళ్ళు ఒక ఆదివారం ఇంటికొచ్చారు. దూరపు ట్రయథ్లాన్‌కి బూట్లు ఎంచుకోవడం ఎలా అన్నది ఆనాటి విషయం. దాదాపు నాలుగు కిలోమీటర్ల ఈత, నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, ఆ పైన నలభై రెండు కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకేరోజున చేసే మనుషులు వాళ్ళు. వాళ్ళ భార్యలు అదేరోజున ఏమేం చేస్తారో ఎవరూ కొలవరు. ఆమె కాఫీ కప్పులు తీసుకొచ్చేసరికి ఆయన నిలబడి మాట్లాడుతున్నాడు. చేతిలో కాగితాలు. రెండు వాక్యాలు విన్నాక ఆమెకి అర్థమైంది. అవి తన నోట్‌బుక్‌లోని వాక్యాలు. "మడమ చుట్టూ పట్టీ గట్టిగా ఉన్న జత పన్నెండో కిలోమీటరు దాకా పగబట్టినట్టే ఉంటుంది," అని చదువుతున్నాడు. ఆ పగబట్టడమనే మాట రాసేటప్పుడు ఆమె తనలో తనే నవ్వుకుంది కూడా.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో పెద్దాయన, "ఇంత పరిశోధన ఎప్పుడు చేశారండీ! మీ ఆవిడ కూడా సాయం చేశారా?" అని అడిగాడు.

"మా ఆవిడా? బూట్లంటే ఉతకడం ఒక్కటే తెలుసు దానికి," అన్నాడు భర్త. అంతా గొల్లుమన్నారు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "ఉతకడమైనా నేను నేర్పిందే," అంది.

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలాంటిది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. అయినా కప్పులు ఒక్కొక్కటే పంచింది, ఖాళీ అయినవి ఏరుకుంది, తొణక్కుండా వంటింట్లోకి వెళ్ళింది. సింకు దగ్గర నిలబడి ఒక్క సంగతి తేల్చుకుంది. తిరిగి అరవకూడదు. అరిస్తే రేపటికల్లా అదొక జోకవుతుంది, వచ్చే ఆదివారం కాఫీతోపాటు అదీ పంచుతారు. అరుపు కంటే బాగా నొప్పెట్టేది కావాలి. ఆయన ఒంటి మీద, ఆయన పేరు మీద, ఆయన అంత ప్రేమించే ఆ కిలోమీటర్ల మీద నొప్పెట్టేది.

మర్నాడు క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే అమ్మాయి, "అక్కా, మీవారు వెళ్ళే ఆ ట్రయథ్లాన్‌లో ముగ్గురు కలిసి కూడా చేయొచ్చట. నేను ఈత, మా అక్క సైకిలు. పరుగుకే ఎవరూ దొరకట్లేదు," అంది, ఊరికే మాటవరసకి.

"దొరికింది," అంది ఆమె, ప్లాస్టర్ అంటిన చేతుల్తోనే.

ఇక బూట్ల దుకాణం. కౌంటర్ వెనకున్న దుకాణపు ఆవిడ ఒకప్పుడు పరుగుపందేల్లో పాల్గొన్న మనిషి, మాట కరుకు, పని నిజం. రెండు రకాలు బల్ల మీద పెట్టింది. రెండింటిలోనూ అడుగున ఉన్న ఫోమ్ మధ్యలో కార్బన్ పలక ఉంది. స్కేలు వంచి వదిలితే ఎలా చటుక్కున లేస్తుందో, అడుగు తీసేటప్పుడు అదలా కాలిని ముందుకి తోస్తుంది. మొదటిది ఎత్తుగా, ఈకలా తేలిగ్గా, మడమ దగ్గర సన్నగా, కళ్ళు చెదిరే రంగులో ఉంది. రెండోది కాస్త బరువు, మడమ వెడల్పు, రంగు చప్పన.

"ఇది ముంగాలి మీద దిగేవాళ్ళకమ్మా, వేగంగా పోయేవాళ్ళకి," అంది దుకాణపు ఆవిడ మొదటిది చూపించి. "నూట ఎనభై సైకిల్ తొక్కి దిగాక కాళ్ళు కాళ్ళలా ఉండవు. మడమ మీద పడేవాళ్ళు ఇది వేసుకుంటే చీలమండ ఊయలూగుతుంది. వాళ్ళకి రెండోదే మంచిది. ఇంకోటి, దీని పట్టీ కరుస్తుంది. పిక్కలు కూడా పట్టేస్తాయి. ఎవరు వేసుకుంటారో వాళ్ళే నాలుగైదుసార్లు పరిగెత్తి అలవాటు చేసుకోవాలి. ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు చేస్తే కుదరదు. మీవారు ఎలా దిగుతారు?"

ఆరేళ్ళుగా తోముతున్న అడుగులు ఆమె కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. ప్రతి జతకీ మడమ బయటి అంచు లోపలి తెల్ల ఫోమ్ బయటపడేదాకా అరిగిపోయి ఉంటుంది. ముంగాలి దగ్గర మాత్రం కొత్త బూటే.

"ముంగాలి మీదే దిగుతానని చెప్తారండీ. క్లబ్బులో కూడా అందరికీ అదే చెప్పారు," అంది.

"ఆయన చెప్పడం సరే. మీరేమంటారు?"

"నాదేముంది? బూట్లంటే ఉతకడం ఒక్కటే తెలుసు నాకు."

దుకాణపు ఆవిడ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, మొదటి రకంలో నలభై ఒకటి తీసి పెట్టెలో పెట్టింది. "ఇంకేమైనా కావాలా?"

"రెండో రకంలో కూడా ఒక జత. అదే కొలత. అవి నాకు."

దారిలో ఒకసారి ఆగి పెట్టెల వైపు చూసుకుంది. తప్పు చేస్తున్నానా అని కాదు, మరీ సులువుగా చేస్తున్నానేమిటా అని. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఆయన తనని గురించి ఏం చెప్పుకున్నాడో దాన్ని తు.చ. తప్పకుండా దుకాణంలో అప్పజెప్పింది, అంతే. ఇన్నాళ్ళూ ఆయన డప్పుకీ ఆయన కాళ్ళకీ మధ్య ఉన్న తేడాని గుట్టుగా పూడ్చింది తనే. మెత్త కింద ఇంకో మెత్త పెట్టి, పట్టీ పిసికి, మడమకి టేపు కత్తిరించి పెట్టి. ఈసారి పూడ్చదు.

తర్వాతి ఏడు వారాలు ఆమె జీవితంలో ఎన్నడూ లేనంత హాయిగా గడిచాయి. "కాటు తీసొస్తానండీ," అని చెప్పి రోజూ ఇంకాస్త పెందలాడే వెళ్ళేది. దర్జాగా, అనుమతితో, పగ తీర్చుకోవడానికి సాధన చేసేది. ఆయన జత బీరువాలో పెట్టెలోనే ఉంది, ఒక్కసారి కూడా తొడగలేదు. ఆమె జత క్లినిక్‌లో అరికాళ్ళ అచ్చుల మధ్య ఉండేది. ఆదివారాలు వంతెన, గిడ్డంగులు, రైలుగేటు దాటి చెరుకు బళ్ళు ఆగే చోటు దాకా, ముప్ఫై రెండు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి ఉప్మా కలిపింది. "ఈ మధ్య మరీ కాలికి బలపం కట్టుకు తిరుగుతున్నావ్," అంది అత్తగారు. "మీ అబ్బాయి కోసమేనత్తయ్యా," అంది ఆమె. ఆ మాట అన్నప్పుడు నోరు తియ్యగా అయింది.

పోటీకి ముందురోజు ఆయన పెట్టె తెరిచి బూట్లు తిప్పి చూశాడు. "అబ్బ, ఎంత జాగ్రత్తగా తీశావే! మట్టి మరక కూడా లేదు," అని మెచ్చుకున్నాడు. ఆరేళ్ళలో అదే మొదటి మెప్పు. రేపు ఎక్కడ నిలబడతావు అని కూడా అడగలేదు. ఎక్కడో ఒకచోట సంచీతో నిలబడే ఉంటుందని ధీమా.

పోటీరోజు ఎక్స్‌రే అమ్మాయి చేపలా ఈది వచ్చింది. వాళ్ళక్క ఎదురుగాలిని తిట్టుకుంటూ సైకిల్ తొక్కి, మధ్యాహ్నం మూడింటికి వచ్చి, చీలమండకి కట్టుకున్న, సమయం లెక్కించే చిప్ విప్పి ఆమె కాలికి కట్టింది. అప్పటికి ఆయన పరుగు మొదలుపెట్టి అరగంటైంది. ఆమె తొందరపడలేదు. చెరువు చుట్టూ తిరిగే ఆ దారిలో మొదటి పది కిలోమీటర్లూ వంటింట్లో పోపు వేసినంత నిదానంగా పోయింది. ఇరవై దాటాక జనం నడవడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళింది.

ఇరవై తొమ్మిదో కిలోమీటరు దగ్గర, కళ్ళు చెదిరే రంగు బూట్లు కనిపించాయి. ఆయన పరిగెత్తడం లేదు. ఒక కాలు నేల మీద వేసి, రెండోది వేయాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నడుస్తున్నాడు. రెండు మేజోళ్ళూ మడమల దగ్గర ఎర్రబడ్డాయి. చీలమండ ప్రతి అడుగుకీ లోపలికి ఒరుగుతోంది. క్లబ్బు పెద్దాయన ఆయన్ని దాటుతూ, "ఏంటండీ, ముంగాలేమైంది?" అని పలకరించి మరీ వెళ్ళాడు.

అడుగుల చప్పుడు విని భర్త తిరిగి చూశాడు. ఆయన మొహం వెలిగింది. "వచ్చావా! టేపు తే, త్వరగా. ప్రాణం పోతోంది. సంచీ ఏది?"

"సంచీ లేదండీ."

అప్పుడు చూశాడు ఆమె నడుముకున్న నంబరు. తర్వాత ఆమె కాళ్ళు. తన కాళ్ళు. మళ్ళీ ఆమె మొహం.

"నువ్వు... ఇవి కాటు తియ్యలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"కాళ్ళు మీవి కదండీ," అంది ఆమె. ఎంత మెల్లగా అందంటే, పక్కనున్న నీళ్ళ బల్ల దగ్గరివాళ్ళకి అదేదో భార్య ఓదార్పులా వినిపించి ఉంటుంది. "ఆ టెంట్లో టేపు ఉంటుంది. అడిగితే ఇస్తారు."

ఆయన ఏదో అరిచాడు. ఆమె అప్పటికే నాలుగడుగులు ముందుంది. ఒక కిలోమీటరు దాకా తనలో జాలి ఏమైనా ఉందేమోనని నిజాయితీగానే వెతుక్కుంది. దొరకలేదు. నవ్వు దొరికింది. ఊపిరి పాడవుతుందని దాన్ని ఆపుకుని మిగతా పన్నెండూ పరిగెత్తింది.

ముగింపు గీత దగ్గర అత్తగారు గొడుగు కింద కుర్చీలో, కొడుకు కోసం పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మైకులో ఆమె పేరు వినపడినా ఆవిడ తల తిప్పలేదు, ఎవరిదో అనుకుంది. కోడలు గీత దాటి, మెడలో పతకంతో, ఒళ్ళంతా ఉప్పు కట్టి ఎదురుగా వచ్చి నిలబడితే కంగారుగా లేచింది.

"నువ్వేంటే ఇటునుంచి వస్తున్నావ్? అబ్బాయేడి?"

ఆమె పక్కకి వెళ్ళి ఆవిడ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. కాళ్ళు బారజాపుకుంది.

"నా వెనకున్నారత్తయ్యా," అంది. "బాగా వెనక."