సీటు కింది ఇంజను

తిమ్మప్ప మూడో ప్లగ్గు కూడా విప్పి, మూతి తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. ఇటుక రంగులో కడిగిన ముత్యంలా ఉంది. ముందు విప్పిన రెండూ అంతే. ఒక బూతు గొణిగి మళ్లీ బిగించాడు. ప్లగ్గు బాగుంటే సంతోషించాలి గానీ తిట్టడమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఐదోసారి షెడ్డుకొచ్చిన బండిలో ఈసారీ ఏ రోగమూ కనబడకపోతే కడుపు ఎలా మండుతుందో వాళ్లకేం తెలుసు!

బండి రోజాది. మానవపాడులో బడిపిల్లలను తిప్పే పాతికేళ్ల నాటి పెట్రోలు వ్యాను. ముందు సీటు లేపితే దాని కిందే ఇంజను. మొగుడు పుణెకు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాక, ఇంట్లో పడున్న ఆ వ్యాను నడపడం ముప్పై ఏళ్ల వయసులో తనే నేర్చుకుంది రోజా. ఇప్పుడు ఆ బండి మిస్సింగ్ కొడుతోంది. బాగా నడుస్తూ నడుస్తూ, ఎక్కిళ్లు పెట్టినట్టు అదిరి, ఆగిపోతుంది. తిమ్మప్ప ముందుకు వచ్చిందంటే మాత్రం కొత్తకోడలంత బుద్ధిగా ఉంటుంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

పోయిన మంగళవారం పదకొండుమంది పిల్లలతో రైలు పట్టాల మీదే ఆగింది. గేటు దగ్గరున్న నలుగురు దిగి నెట్టారు. అప్పుడు రైలు రాలేదు, అదొక్కటే అదృష్టం. ఇంకొక్కసారి ఆగితే బండి మాన్పిస్తామని బడివాళ్లు చెప్పేశారు. రేపు పొద్దున ఏడింటికి పిల్లలు మళ్లీ రోడ్డు మీద నిలబడతారు.

వైర్లన్నీ పీకి కొత్తవి వేసెయ్యమని పక్క షాపు జితేందర్ మొదటిరోజే అన్నాడు. తిమ్మప్ప వినలేదు. పద్నాలుగేళ్లప్పుడు రాయచూరులో పనికి చేరితే ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం, రోగాన్ని కళ్లతో చూడందే సామాను మార్చొద్దని. నలభై ఆరేళ్లుగా అదే పట్టు. ఆ పట్టుతోనే చుట్టుపక్కల మంచి పేరొచ్చింది, ఆ పట్టుతోనే రేకుల షెడ్డు రేకుల షెడ్డుగా ఉండిపోయింది. ఆయన భార్య చిన్నమ్మ, ఇంట్లో పోపు మాడినా ఈయన ముందు గిన్నె విప్పి చూస్తాడని నలుగురిలో ఎగతాళి చేసేది.

ఈసారీ ఏమీ దొరకలేదని ఆయన అంటే, సిమెంటు దిమ్మె మీద కూర్చున్న రోజా తలెత్తలేదు.

"నువ్వు సూడంది నమ్మవు పెద్దనాయినా. నా ఎనక కూసున్న పోరగాండ్లు సూసిర్రు గద."

తిమ్మప్పకు సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది. నాలుగుసార్లు బండిని ఏమీ మార్చకుండా పంపింది తనే. పట్టాల మీదికి పంపింది కూడా తనే అన్నమాట. చేతిలోని స్పానరును డబ్బాలోకి విసిరికొట్టి, ఎక్కమని రోజాకు సైగ చేశాడు.

ఒంటిపూట బడుల రోజులు, రోడ్డు మీద పిట్ట లేదు. పోయేటప్పుడు బండి పువ్వులా పోయింది. తిరిగొచ్చేటప్పుడు రైలు గేటు పడింది. గూడ్సుబండి ఎంతకీ రాలేదు. పది నిమిషాలు ఇంజను ఉన్నచోటే నడుస్తూ ఉంది, సీటు కింద పెనంలా కాలింది. గేటు లేచాక మొదటి గేరు వేశాడో లేదో బండి దగ్గింది. పట్టాలు దాటేలోపు ఇంకోసారి దగ్గింది. రోజా దేవుణ్ణి తలుచుకుంటూ కళ్లు మూసుకుంది. అవతల పక్కకు ఆపి, తిమ్మప్ప ఒక్క ఉదుటున సీటు లేపాడు. అరనిమిషంలో ఇంజను నున్నగా, ఏమీ ఎరగనట్టు తిరగసాగింది.

ఆయన నుదురు కొట్టుకున్నాడు. వేడెక్కితేనే దీనికి రోగం. సీటు లేపగానే గాలి తగిలి చల్లబడుతోంది.

"నేనే దాన్ని సాగనంపుతున్న బిడ్డా, ఇన్ని దినాలు. సూద్దామని మూత తీసుడు, అది పోవుడు."

వేడి పోకూడదు, పైగా చీకటి కావాలి. కరెంటు ఎక్కడైనా కారుతుంటే ఆ నిప్పురవ్వ వెలుగులో కనబడదు. షెడ్డు ముందు బండిని ఎండలోనే ఆపి, ఇంజను నడుస్తూ ఉంచి, ఇంట్లోంచి గొంగడి తెప్పించాడు. పొద్దు గూకాక చూడొచ్చని రోజా అంటే, చల్లబడ్డాక అది దొరకదన్నాడు. అన్నం తిని దూరమని చిన్నమ్మ పోరింది. పొద్దుటి నుంచి ఎడమ భుజం గుంజుతోందని ఆమెకు చెప్పలేదు. ఇన్నేళ్లు స్పానరు తిప్పిన భుజం గుంజక ఏం చేస్తుందని అనుకున్నాడు. సీటు లేపి, గొంగడి తన మీదా ఇంజను మీదా కప్పుకుని, అంచులు చెక్కమని ఆడవాళ్లిద్దరికీ చెప్పాడు.

లోపల ఊపిరాడలేదు. చెమట చుక్కలు ఇనుము మీద పడి చుయ్యిమన్నాయి. చాలాసేపు ఏమీ లేదు. బయటికి వచ్చెయ్యమని చిన్నమ్మ కేకేసింది, ఆయన తిట్టాడు. అప్పుడు, ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ నుంచి వచ్చే నడిమి వైరు వంపు దగ్గర, వెంట్రుకంత నీలి మెరుపు పక్కనున్న ఇనుము మీదికి దూకింది. ఇంజను ఎక్కిలి పెట్టింది. మళ్లీ దూకింది, మళ్లీ ఎక్కిలి. మూడోసారి కూడా చూశాకే ఆయన బండి ఆపి, గుడ్డ చుట్టి ఆ వైరు పీకి, బయటికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"కానొచ్చింది," అన్నాడు.

అలాంటి వైరు ఒకటి జితేందర్ దగ్గర తెమ్మని రోజాను పంపుతూ, "నువ్వొచ్చినంక సూపిస్త యాడ పోయిందో. నేను జెప్పిన్నని నమ్మకు, నీ కండ్లతోని సూడు," అన్నాడు. చిన్నమ్మ నీళ్లకు లోపలికి పోయింది.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ఆయన వ్యాను గడప మీద కూర్చుని, తల తలుపుకు ఆనించి ఉన్నాడు. చిన్నమ్మ రెండుసార్లు పిలిచింది. మూడోసారి చెంబు కింద పెట్టి భుజం పట్టుకుంది. జితేందర్ ఆటోలో వేసుకుని దవాఖానకు పోయాడు. తీసుకురావడానికి ముందే ప్రాణం పోయిందని అక్కడ చెప్పారు.

ఆ సాయంత్రం జితేందరే వచ్చి కొత్త వైరు బిగించాడు. మిగతా మూడు ప్లగ్గు వైర్లు కూడా మార్చెయ్యమని రోజా అడిగింది. తిమ్మన్న చూసింది ఈ ఒక్కదాన్నేనని, మిగతావాటి మీద చెయ్యి వెయ్యనని అన్నాడు.

పొద్దున గేటు పడింది. వెనక పిల్లలు పట్టాలకేసి చూస్తూ కూర్చున్నారు. పన్నెండు నిమిషాల తర్వాత గేటు లేచింది. బండి దగ్గలేదు. పట్టాల మీద ఒకటి, రెండు కుదుపులు, అంతే, దాటేసింది. పిల్లలను బడి దగ్గర దింపి, చావింటికి పోయే ముందు రోజా, నిన్న చిన్నమ్మ ఆయన పిడికిలి విప్పి తనకిచ్చిన పాత వైరును తీసి, ఎండకు పట్టి, వేళ్లతో కొంచెం కొంచెం వంచుతూ వెతికింది. చూపిస్తానన్నవాడు లేడు, తనే వెతుక్కోవాలి. వంపు దగ్గర రబ్బరు విచ్చుకుంది. అక్కడ ఆవగింజలో సగం లేని ఒక నల్లటి మచ్చ, దాని నడుమ సూదిమొన పట్టేంత చీలిక.