మునిగిపోయిన గొర్రె

మంచాల మీద పొయ్యిలు పెట్టుకున్న వరద యేట జరిగింది ఇది. ఢాకాలో సగం ఊరు పడవల మీదే తిరిగింది. మెడికల్ కాలేజీ కింది అంతస్తులోకి బూడిగంగ నది నీళ్ళు వచ్చి, పిలవని చుట్టంలా కదలకుండా కూర్చున్నాయి.

ఆ కాలేజీ వెనక రేకుల కొట్టంలో ఒక గొర్రె ఉండేది. పేరు ధొలి. దాన్ని సాకేవాడు తొఫజ్జల్ మియా. వారానికోసారి దాని మెడ మీద ఉన్ని కత్తిరించి, తల తన మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకునేవాడు. ల్యాబులో పనిచేసే నితాయ్ బాబు సూదితో కొంచెం నెత్తురు తీసేవాడు. గాజుపూసలు వేసిన సీసాలో ఆ నెత్తురు పోసి, గడ్డకట్టకుండా తిప్పుతూ కూర్చోవడం మళ్ళీ తొఫజ్జల్ పనే. ఆ నెత్తురు కలిపిన గాజుపళ్ళేల మీద, దగ్గుతో వచ్చిన పిల్లల కఫంలోని క్రిమి మొలిచేది. ఏ క్రిమో తెలిస్తే ఏ మందో తెలిసేది. పిల్లల దగ్గు మీద పరిశోధనకని విదేశం వాళ్ళెవరో డబ్బు పంపేవారు. తొఫజ్జల్ జీతం కాలేజీది. ధొలి గడ్డి మాత్రం ఆ డబ్బులోది.

నీళ్ళు పెరిగిన రోజు అతను గొర్రెను భుజాల మీద వేసుకుని మెట్లెక్కి డాబా మీద కట్టేశాడు. నర్సులు, వంటవాళ్ళు, రోగుల తాలూకు మనుషులు అక్కడే కిచిడీ వండుకుని తిన్నారు. గొర్రె వంక చూసి గుటకలు మింగినవాళ్ళూ ఉన్నారు.

"సూదుల గొర్రె. తింటే రోగం," అన్నాడు తొఫజ్జల్.

అది నిజమో కాదో అతనికీ తెలీదు.

నీళ్ళు తీశాయి. ధొలి మళ్ళీ కొట్టంలోకి దిగింది. ఊరంతా విరేచనాలు పట్టుకున్నాయి. వరండాల్లో కూడా మంచాలు వేశారు. విదేశం నుంచి మళ్ళీ డబ్బు వచ్చింది. అందరూ సంబరపడ్డారు. తొఫజ్జల్ కూడా పడ్డాడు.

ఆ విభాగానికి పెద్ద, మెహెరున్ మేడమ్, అతన్ని పిలిచింది.

"మియా, ఇక ధొలి నెత్తురు అక్కర్లేదు. ఈ డబ్బు కలరాకి వచ్చింది. ఆ క్రిమికి నెత్తురుతో పని లేదు, దాని పళ్ళెం వేరు."

"పిల్లలకి దగ్గు తగ్గిపోయిందా మేడమ్?"

"తగ్గలేదు."

"మరి?"

"ఆ డబ్బు అయిపోయింది. ఈ డబ్బు తీసి దానికి పెడితే నా ఉద్యోగం పోతుంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నన్నడక్కు మియా. నాకూ అర్థం కాదు."

చదువుకున్నావిడకే అర్థం కానిది తనకేం అర్థమవుతుంది? పై అంతస్తులోని పిల్లల వార్డు కిటికీలు రేకుల కొట్టం వైపే ఉన్నాయి. దగ్గులు కిందికి వినిపిస్తూనే ఉన్నాయి.

పాత ప్రాజెక్టు సామానంతా వేలం వేస్తామన్నారు. రెండు ఫ్యాన్లు, ఒక బీరువా, ఒక గొర్రె. కసాయి ఒకడు ముందుగానే వచ్చి ధొలి నడుము తడిమి చూసి పోయాడు.

తొఫజ్జల్ లెక్కల ఆఫీసుకు వెళ్ళి, ఖొందకార్ సాహెబ్ ముందు నిలబడ్డాడు.

"గొర్రెని నేను కొనుక్కుంటా సార్."

"పనివాళ్ళు కొనకూడదు. రూలు."

"అయితే అది ఎవరిది సార్?"

"ప్రాజెక్టుది."

"ప్రాజెక్టు అయిపోయిందిగా?"

"అందుకే కదయ్యా వేలం!"

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నితాయ్ బాబు బీడీ ముట్టించి పక్కన కూర్చున్నాడు.

"చాచా, మునిగిపోయిందని చెప్పెయ్. ఫ్రిజ్‌లు మునిగాయి, మైక్రోస్కోపు మునిగింది, ఒక్కడైనా అడిగాడా? తంటా అంతా బతికినవాటితోనే."

"డాబా మీదికి మోసింది నేనే కదా బాబూ."

"మోసింది నువ్వే, ముంచేదీ నువ్వే. ఇంకెవరు ముంచుతారు?"

తొఫజ్జల్ నమాజు తప్పని మనిషి. అబద్ధం ఆడకపోతే ధొలి కత్తి కిందికి పోతుంది. ఆడితే, ఉన్న గొర్రె లేనిదవుతుంది. రెండూ తలకెక్కలేదు.

మధ్యాహ్నం ఖొందకార్ సాహెబే సామాను చూడడానికి వచ్చాడు. కొట్టం ఖాళీగా ఉంది. నితాయ్ బాబు గొర్రెను మళ్ళీ డాబా మీదికి తోలేశాడు.

"గొర్రె ఏదయ్యా?"

తొఫజ్జల్ నోరు తెరిచేలోగా నితాయ్ అందుకున్నాడు.

"వరదలో పోయింది సార్. పాపం, చాచా ఇప్పటికీ తేరుకోలేదు," అన్నాడు నితాయ్.

"ఇందాక కొంటానన్నావే, మునిగిందా మియా?"

అప్పుడే డాబా మీంచి "మే" అని వినపడింది.

ఖొందకార్ సాహెబ్ తల పైకెత్తాడు. పిల్లల వార్డులో ఎవరో బిడ్డ గుక్క తిప్పుకోకుండా దగ్గుతోంది. ఆయన ఆ కిటికీ వంక చాలాసేపు చూశాడు.

"మేకలా ఉందే," అన్నాడు.

"మేకే సార్," అన్నాడు నితాయ్.

"మేకలు నా లెక్కలో లేవు. గొర్రె మునిగింది." గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నితాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. తొఫజ్జల్‌కు నవ్వు రాలేదు. తను అబద్ధమాడాడా, లేదా? నోరు విప్పలేదు కదా. గొర్రె తనే ఉన్నానని చెప్పుకుంది కూడా. అయినా మునిగిపోయింది.

"ఇప్పుడు ఇది ఎవరిది బాబూ?"

"ఎవరిదీ కాదు. గడ్డి కూడా రాదు దీనికి."

"పైన ఆ బిడ్డకి ఏ మందిస్తున్నారు?"

నితాయ్ నవ్వు ఆపాడు. "పళ్ళేలు లేవుగా చాచా. ఏదో ఒకటి. తగిలితే తగులుతుంది."

మర్నాడు పొద్దున్నే తొఫజ్జల్ రైలు కట్ట పక్కన గడ్డి కోసి లుంగీ ఒడిలో తెచ్చి ధొలికి పెట్టాడు. మెడ మీద ఉన్ని కత్తిరించాడు. దాన్ని ల్యాబు గుమ్మం దాకా నడిపించుకెళ్ళి, తల మోకాళ్ళ మధ్య పట్టుకుని, నితాయ్ బాబు తలుపు తీసేదాకా కూర్చున్నాడు.