రమణమ్మ చెప్పిన రెండు గొట్టాలు

నాకు కోపం ఎక్కువ. అది నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మిగతాది కూడా నిజమే చెబుతున్నానని మీరు నమ్మాలి.

ఆంధ్రరాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు, మాఘమాసం. జమ్మలమడుగులో, జిన్ను మిషన్లతో పత్తిలోంచి గింజలు వేరుచేసే వరదరాజులు గారి మిల్లులో నేను ఇంజను డ్రైవరుగా చేరి మూడు నెలలైంది. అంతకుముందు కమలాపురంలో సైకిళ్ళూ, అప్పుడప్పుడు నీళ్ళ పంపులూ బాగుచేసేవాణ్ణి. నా భార్య జమీలా బజారులో చింతపండు బేరమాడేటప్పుడు కూడా "మా ఆయన ఇంజను డ్రైవరు" అని ఒక్కసారైనా అనకుండా ఉండేది కాదు. దానివల్ల చింతపండు ధర తగ్గింది లేదు గానీ నా నడక మాత్రం మారిపోయింది.

ఇంజను కొత్తది కాదు. మద్రాసు రేవులో ఏదో ఓడలోంచి ఊడదీసింది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, దాని నెత్తిన ఇనుప నత్తలాంటిది ఒకటి. ఇంజను వదిలే పొగ ఆ నత్తలోకి పోయి లోపలున్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని పట్టి ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువ పోతే నూనె బాగా కాలుతుంది, బలం పెరుగుతుంది. ఊరికే పోయే పొగతో పని చేయించుకోవడం! మద్రాసులో దాన్ని నడిపి చూపించినప్పుడు నత్త సన్నగా ఈల వేసింది. ఆ ఈల విని నాకు ఒళ్ళు పులకరించింది. వరదరాజులు గారి వైపు తిరిగి, "ఇదే తీసుకుందామయ్యా, పన్నెండు జిన్ను మిషన్లు ఒకేతూరి లాగుతాది, నాది పూచీ" అన్నాను.

గూడ్సులో ముద్దనూరు స్టేషను దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి బండ్ల మీద తెస్తుంటే పెన్న ఇసుకలో ఒక బండి ఒరిగింది. ఇంజనుకు ఏమీ కాలేదు. సిలిండర్ల నుంచి నత్తకు పొగ తీసుకుపోయే గొట్టాలు మాత్రం ముక్కలయ్యాయి. అవి రెండు. ముందున్న మూడు సిలిండర్లకు ఒకటి, వెనకున్న మూడింటికి ఒకటి. నత్తకు కూడా పక్కపక్కన రెండు నోళ్ళుండేవి.

వరదరాజులు గారు విరిగిన ముక్కలను చెప్పు కొసతో కదిపి చూశారు. ఆయనది పెద్ద ఉమ్మడి కుటుంబం. నలుగురు అన్నదమ్ములు కలిసున్నారని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి, అందరికంటే ఎక్కువగా ఆయనే చెప్పుకునేవారు.

"మా ఇంట్లో ఇరవైరెండు మందిమి. పొయ్యి ఒకటే, గడప ఒకటే. ఒక ఇంజనుకు రెండు గొట్టాలేందప్పా, వేరుబడిన అన్నదమ్ముల మాదిరి? ఒకటే పెద్దది చేయించు."

అప్పుడే నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పాను, "శానా బాగా చెప్పినారయ్యా" అన్నాను. అది ముఖస్తుతి కాదు. దారి వెడల్పైతే పొగ సులువుగా పోతుందని నేనూ మనస్ఫూర్తిగా నమ్మాను. పొద్దుటూరు వెల్డరు చేత మద్దెలంత లావు గొట్టం చేయించాను. ఆరు సిలిండర్ల పొగా అందులోనే పడి, నత్త రెండు నోళ్ళ మీదా కప్పిన ఒక గరాటులోకి పోతుంది. టెంకాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి నడిపించాం.

ఆరు జిన్ను మిషన్లు తిరిగాయి. ఏడోదానికి బెల్టు ఎక్కించగానే ఇంజను మూలిగింది. ఎనిమిదోదానికి నల్లటి పొగ కక్కి చల్లబడింది. మద్రాసులో ఈల వేసిన నత్త ఇక్కడ గొణుగుతూ కూర్చుంది. రెండు వారాలు నేను దాన్ని విప్పని చోటు లేదు. నూనె జల్లెడ మార్చాను, వాల్వులు సరిచేశాను, నత్తను కూడా విప్పి తుడిచి మళ్ళీ బిగించాను. కనిపించిన ప్రతివాడినీ తిట్టాను. మిల్లు బయట పులివెందుల వైపు నుంచి వచ్చిన పత్తిబండ్లు రోడ్డు దాకా నిలబడిపోయాయి.

సోమవారం పొద్దున వరదరాజులు గారు ఇంజను గదిలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కేకలు వేయలేదు. కేకలు వేసినా బాగుండేది.

"జియావుల్లా, పూచీ అన్నావు. శుక్రవారానికి పన్నెండూ తిరగల్ల. తిరగకపోతే ఇంజను పాత ఇనుమోళ్ళకు, నువ్వు కమలాపురానికి."

నిజం చెప్పొద్దూ, సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు వెతుక్కోవడం నాకు చిన్నతనమేమీ కాదు. కానీ జమీలా మళ్ళీ చింతపండు అంగడికి ఏ మొహంతో పోతుందో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఇక రమణమ్మ సంగతి. ఆమెది సింహాద్రిపురం దగ్గర పల్లె. వానలు లేక బావి ఎండిపోతే, మొగుడూ పోయాక, మా మిల్లులో పత్తిలో ఆకూ పుల్లా ఏరే పనికి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్ద. మధ్యాహ్నం సంగటి గిన్నె తెచ్చి ఆ లావు గొట్టం పక్కన పెట్టి వెచ్చబెట్టుకునేది. నేను ఊరుకునేవాణ్ణి, ఎందుకంటే సంగటిలోకి ఆమె నూరి తెచ్చే ఊరిబిండి పచ్చడిలో నాకూ ఒక ముద్ద వాటా ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం ఇంజను ఆరు మిషన్లతో నడుస్తోంది. రమణమ్మ గిన్నె ముందు కూర్చుని చెవి ఒగ్గి వింటోంది.

"సాయిబూ, ఈ గొట్టం రెండు రకాలుగా ఊపిరి వదుల్తాందే."

"తిని గమ్మున పో రమణమ్మా. నా బాధలో నేనుండా."

ఆమె పోలేదు. చీపురుపుల్ల కొసకు చిటికెడు దూది చుట్టింది. గొట్టం అతుకులు అంత గొప్పగా కుదరలేదు, రెండుచోట్ల పొగ కారుతుండేది. సిలిండరు పక్కనున్న కారుడు దగ్గర, జానెడు దూరంలో, ఆ దూది పెట్టింది. దూది ఎగిరి ఎగిరి పడింది, ఎవరో లోపల్నుంచి తన్నినట్టు. తర్వాత నత్త పక్కనున్న కారుడు దగ్గర పెట్టింది. అక్కడ దూది ఒక పక్కకు వాలి ఊరికే ఉండిపోయింది.

"చూడు. ఈడ తంతాంది. ఆడికి పోయేసరికి నిద్రపోతాంది."

నాకు మండిపోయింది. "పత్తి మిల్లులో అగ్గి కాడ దూది ఆడిస్తావా? నీకేమన్నా తిక్కనా? పత్తి ఏరేదానివి పత్తి ఏరుకో పో!"

రమణమ్మ దూదిని కాలి కింద వేసి నలిపింది. గిన్నె ఎత్తుకుంది. "తొట్టి మధ్యన బండ పెట్టమన్నప్పుడు మా ఇంటాయన కూడా ఇట్లనే అరిచినాడు" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు ఊరిబిండి లేదు.

సాయంత్రం మిల్లు ఆపేలోపు, గదిలో ఎవరూ లేకుండా చూసి, నేనే ఒక పుల్లకు దూది చుట్టాను. ఇక్కడ తన్నింది. అక్కడ నిద్రపోయింది. మళ్ళీ పెట్టినా అంతే.

బుధవారం పొద్దున్నే పత్తికుప్ప దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఏం బండ?"

రమణమ్మ తల ఎత్తలేదు. "అడిగే పద్ధతేనా అది?"

"రమణమ్మా, ఏం బండ? చెప్పు తల్లీ."

"ఇప్పుడు దారికొచ్చినావు, కూర్చో. మా బాయి మీద రెండు కపిలలు. ఎద్దులు తాడు లాగితే తోలు బాన నిండుగా పైకొస్తాది, తొండంలో నుంచి తొట్టిలోకి కక్కుతాది. ఒకటి పైకొస్తే ఇంకోటి కిందికి పోవాల, ఒకదాని ఎనక ఒకటి. రెండిటికీ ఒకటే పెద్ద తొట్టి కట్టించినాడు మా ఇంటాయన, గొప్పగా ఉంటాదని. ఏమైంది? మొదటి బాన ఇంకా కక్కుతానే ఉంటాది, రెండోది వచ్చి కక్కుతాది. దీని నీళ్ళు పోయి దాని తొండం మీద పడతాయి. అది అరకొరగా ఖాళీ అయి మల్లా బాయిలోకే దిగుతాది. పోసిన నీళ్ళన్నా ఉరుకుతాయా అంటే, అంత వెడల్పు తొట్టిలో పడి నిద్రపోతాయి. కాలవలోకి వచ్చేది సన్నధార."

"బండ పెట్టినాక?"

"తొట్టి రెండైంది. ఎవరి నీళ్ళు వాళ్ళకు, ఎవరి దారి వాళ్ళకు. బాన కక్కినప్పుడల్లా నీళ్ళు ఒక్క ఉరుకున పోయేవి. మా పిల్లోళ్ళు జొన్నదంటుతో చక్రం చేసి కాలవలో పెట్టేవాళ్ళు. అంతకుముందు అది ఊగుతా నిలబడేది. బండ పెట్టినాక, ఒక దెబ్బ తగ్గేలోపల ఇంకో దెబ్బ వచ్చి తగిలి, గిర్రున తిరిగేది. నిలపలేకపోయినాం."

నేను ఇంకాస్త ముందుకు జరిగాను. ఆమె ఆరు పత్తిగింజలు నేల మీద వరసగా పెట్టింది.

"నీ ఇంజనులో ఇవి ఏ వరసలో కక్కుతాయి?"

ఆ వరస నాకు కంఠతా వచ్చు. "ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు."

నేను చెబుతుంటే ఆమె ఒక్కో గింజనూ వేలితో తాకింది. ముందు మూడింట్లో ఒకటి, వెనక మూడింట్లో ఒకటి, మళ్ళీ ముందు, మళ్ళీ వెనక.

"ఒకతూరి ముందరోళ్ళు, ఒకతూరి ఎనకోళ్ళు. ఇది రెండు కపిలల బాయే కద సాయిబూ! ఓడ చేసినోడు రెండు గొట్టాలతో బండ పెట్టే పంపించినాడు. మీరు తీసేసినారు."

ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఇంజను పొగ ఏరులా పారదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఆ దెబ్బే చక్రాన్ని తోయాలి. మేము ఆ దెబ్బలన్నిటినీ మద్దెల్లో పోసి చంపేశాం. పైగా ఒక సిలిండరు పొగ వదులుతుంటే, ఇంకా ఖాళీ కాని పక్క సిలిండరు నోట్లోకి ఆ పొగను వెనక్కి తోశాం. ఇరవైరెండు మందికి ఒకటే పొయ్యి అన్నమాట.

"శుక్రవారం దాకా ఈ మాట ఎవరితోనూ అనొద్దు" అన్నాను లేస్తూ.

"భయమా?"

"భయమే."

దొరికిన మొదటి బస్సుకే పొద్దుటూరు పోయాను. మద్దెల గొట్టం చేసిన వెల్డరు నన్ను చూసి తలుపు వేసుకోబోయాడు. రెండు గొట్టాలు కావాలన్నాను, ముంజేయి లావే ఉండాలి, వంపులు తక్కువగా ఉండాలి, ఒకదానితో ఒకటి ఎక్కడా కలవకూడదు. గురువారం బిగించాను. నత్త నోళ్ళ మీది గరాటు పీకి అవతల పారేసి, ఒక్కో నోటికి ఒక్కో గొట్టం ఇచ్చాను.

శుక్రవారం పొద్దున వరదరాజులు గారు, ఆయన తమ్ముళ్ళు, బండ్ల వాళ్ళు, మిల్లు ఆడవాళ్ళు అందరూ గది ముందు చేరారు. ఆరు మిషన్లు తిరిగాయి. ఏడోదానికి బెల్టు ఎక్కించాను. ఇంజను ఒక్క క్షణం ఆలోచించింది. అప్పుడు నత్తలోంచి సన్నగా, చాలా సన్నగా, ఈల మొదలైంది. ఎనిమిది. ఈల పెరిగింది. పది. పన్నెండోది తిరిగేసరికి దూది మంచులా లేచింది, పొగ మాత్రం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. బండ్ల వాళ్ళు తలగుడ్డలు ఎగరేశారు. నాకు ఏడుపొచ్చింది.

వరదరాజులు గారు నా భుజం పట్టి ఊపేశారు. "ఎట్ల పట్టినావప్పా దీన్ని?"

"అదేనయ్యా… ఆలోచించినా" అన్నాను.

గుమ్మం దగ్గర రమణమ్మ నిలబడి ఉంది, జుట్టు నిండా దూదితో. ఆమె నా వైపు కోపంగా చూసి ఉంటే ఆ అబద్ధాన్ని నేను అలాగే మోసుకుపోయేవాణ్ణేమో. ఆమె నత్త ఈల విని నవ్వుకుని, ఏమీ ఎరగనట్టు పత్తికుప్ప వైపు తిరిగింది. అది నేను తట్టుకోలేకపోయాను.

"ఆలోచించింది నేను కాదయ్యా. మా అక్క. రమణమ్మక్క."

అందరూ ఆమె వైపు తిరిగారు. దూది, పుల్ల, బావి, బండ, ఆరు గింజలు అన్నీ చెప్పాను. నేను తిట్టిన తిట్టుతో సహా చెప్పాను. వరదరాజులు గారు మీసం సవరించుకున్నారు.

"పత్తి ఏరే మనిషికి తెలిసింది నీకు తెలీదు. మరి నిన్నెందుకప్పా పెట్టుకోవాల నేను?"

 జమీలా, చింతపండు, కమలాపురం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. రమణమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"నీళ్ళ సంగతి నేను చెప్పినా, ఇనుము సంగతి నాకేం తెలుసయ్యా? నా మాట విని పొద్దుటూరికి పోయింది ఈయప్ప. తిట్టిన నోటితోనే వచ్చి మల్లా అడిగినాడు. మా ఇంటాయన అట్ల అడిగేదానికి ఆరేండ్లు పట్టింది." ఆగి, అమాయకంగా అడిగింది. "అయినా, ఒకటే గొట్టం చాలన్నది ఎవరయ్యా?"

 తమ్ముళ్ళు ముగ్గురూ అన్నగారి మొహం చూశారు. ఆయన నా మొహం చూశారు.

"నేనూ తలూపినానయ్యా" అన్నాను.

వరదరాజులు గారికి నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, అరుగు మీదున్న నూనె డబ్బా తీసి రమణమ్మ చేతిలో పెట్టారు. "రేపట్నుంచి నువ్వు ఈడనే ఉండమ్మా. ఇంజను ఆయప్ప చూస్తాడు. ఆయప్పను నువ్వు చూడు." ఆ మధ్యాహ్నం ఊరిబిండి రెండు ముద్దలు తిన్నాను.

నెల తర్వాత ఓడ ఇంజను అమ్మినవాళ్ళు మద్రాసు నుంచి దాని పుస్తకం పోస్టులో పంపారు. లోపల ఒక పెద్ద బొమ్మ. ఆరు సిలిండర్లు, రెండు గొట్టాలు, నత్తకు రెండు నోళ్ళు, అన్నీ రమణమ్మ చెప్పినట్టే. పరుగెత్తుకుంటూ పోయి ఆమెకు చూపించాను. "అక్కా, చూడు! నువ్వు చెప్పిందే దొరలు కూడా గీసినారు!"

రమణమ్మ నూనె చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకాన్ని వెలుతురులోకి తిప్పింది. ఒక్కో గొట్టాన్నీ వేలితో తాకుతూ పోయింది.

"సరిగానే గీసినారు సాయిబూ. బాయి గీసేది మాత్రం మరిచిపోయినారు."