పద్నాలుగు నెలలకు సాక్షి

మా కోడలు అతనికి 'ఎల్లుండి గారు' అని పేరు పెట్టింది. లారీ కంపెనీలో డ్రైవర్లను చేర్చుకునే రిక్రూటర్ అతను. ఏమడిగినా "ఎల్లుండికల్లా చెప్తానండి" అంటాడు. కోడలు ఆ డ్రైవరు పనికి దరఖాస్తు పెట్టిన ఈ ఆరు వారాలుగా మా ఇంట్లో ఎల్లుండి తప్ప మరో రోజు లేదు.

కోడలు పగలు అట్టపెట్టెలు మడిచే షెడ్డులో పనిచేస్తుంది. అక్కడ ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు. అందుకని తన ఫోను నా దగ్గర పెట్టి వెళ్తుంది. నేను బడి మొహం చూడలేదు. పోయిన మా ఆయన బస్సు కండక్టరు. ఆయన్ని డ్యూటీకి పంపడానికి వెళ్ళి, బస్సుల నెత్తిన ఉండే బోర్డులు చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాను. నాకు చదువు వచ్చింది ఎవరో ఒకరు వెళ్ళిపోతున్నప్పుడే. ఇప్పుడు ఎల్లుండి గారి మెసేజీలు చదివి సాయంత్రం ఆమెకు అప్పజెప్పడం నా పని. చార్జింగు అయిపోతుందేమోనని రోజుకు మూడుసార్లు పెడతాను.

బండి ఇచ్చే ముందు నాలుగు రోజులు కూర్చోబెట్టి కంపెనీ పద్ధతులు చెబుతారట. దాన్ని ఓరియెంటేషన్ అంటారు. ఆ తరువాత బండి ఎక్కితే మూడేసి వారాలు ఇంటికి రావడం ఉండదు. సోమవారం బ్యాచ్‌లో ఒక్క సీటు ఉందని మంగళవారం మెసేజ్ వచ్చింది. దాని కిందే ఇంకొకటి.

"పదేళ్ళలో ఏ నెల ఎక్కడ పనిచేశారో చూపాలండి. నీళ్ళ ట్యాంకరు నడపడం మానేశాక పద్నాలుగు నెలలు ఖాళీగా ఉంది. అప్పుడు మీరేం చేశారో తెలిసినవారు ఒకరు రాసి సంతకం చెయ్యాలి. కుటుంబ సభ్యులు పనికిరారు. శుక్రవారం అయిదింటికి ఆఖరు."

ఆ పద్నాలుగు నెలలు ఆమె ఏం చేసిందో నాకు తెలుసు. స్నానాల గదిలో జారిపడి నా తుంటి ఎముక విరిగింది. నన్ను లేపింది, కూర్చోబెట్టింది, మళ్ళీ నడిపించింది. నా కొడుకు అంతకు ఏడాది ముందే ఆమెకు విడాకులిచ్చి వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాడు. కోర్టు కాగితాలు వచ్చిన రోజు ఈమె కూడా బట్టలు సర్దుకుంటుందేమోనని తలుపు దగ్గరే కూర్చున్నాను. ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి, "ఇక ఇద్దరికే కదా అత్తయ్యా" అని ఒక్క గ్లాసు బియ్యం కొలిచింది.

"సాక్షి ఎవరున్నారే మనకి?" అన్నాను సాయంత్రం.

"కింద ఇస్త్రీ ఆయన?"

"వచ్చి నాలుగు నెలలు కాలేదు."

"ఇల్లుగలాయన?"

"పార్సిల్ వస్తే సంతకం పెట్టడానికే నలుగురిని అడుగుతాడు."

"పోనీ డాక్టరు?"

"ఎముక విరిగిందని రాస్తాడు. మంచం మీంచి ఎవరు లేపారో ఆయన చూశాడా?"

మర్నాడు ఎల్లుండి గారే ఫోన్ చేశాడు. కోడలు పనికి వెళ్ళిందని చెప్పి, ఉండబట్టలేక అడిగాను.

"పద్నాలుగు నెలలూ కళ్ళారా చూసినదాన్ని నేను బాబూ. నేను రాస్తే ఎందుకు పనికిరాదు?"

"మీరు అత్తగారు కదమ్మా." కాసేపు కంప్యూటరు మీటలు టకటకలాడాయి. "ఒక్క నిమిషం. విడాకులు అని ఉందే ఇక్కడ. అదీ ఈ ఖాళీకి ముందే. అయితే మీరు కుటుంబం కిందికి రారండి. తెల్లకాగితం మీద రాసి, బంధుత్వం అన్నచోట 'లేదు' అని పెట్టి, ఫొటో పంపండి చాలు."

"లేదు అనా?"

"రెండక్షరాలేనమ్మా."

కోడలు రాగానే ఆ మాట చెప్పాను. మీ ఇష్టం అత్తయ్యా అంది. కాగితం తీసుకుని నెలలన్నీ రాశాను. కర్ర వదిలి నడిచిన తారీకు కూడా రాశాను. ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంచాను. గురువారం ఆమె అడిగితే కళ్ళజోడు కనబడటం లేదన్నాను. అది నా నెత్తి మీదే ఉంది. ఆమె చూసింది.

అన్నాల దగ్గర, "వద్దులెండి, వచ్చే బ్యాచ్ చూద్దాం" అంది.

"అదెప్పుడుట?"

"ఎల్లుండి చెప్తాడు."

ఈసారి ఇద్దరం నవ్వలేదు. వంగి గ్లాసు అందుకోబోతుంటే బల్ల కింద ఆమె ఎడమకాలు కనిపించింది. పాదం మెల్లగా నేలను నొక్కుతోంది, మెల్లగా వదులుతోంది. నోరు వద్దంటోంది, కాలు క్లచ్చి తొక్కుతోంది. అలా ఆరు వారాలుగా తొక్కుతోందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

శుక్రవారం ఆమె సగం పూట సెలవు పెట్టి వచ్చింది. నాలుగింటికి 'లేదు' అని రాశాను. నా అక్షరాల్లో అవే కాస్త బాగా కుదిరాయి. ఆమె ఫొటో తీసి పంపింది. పది నిమిషాలకు నా బటన్ల ఫోను మోగింది.

"ఆవిడ మీకేమవుతారండి?"

"నీకు తెలుసు కదా బాబూ."

"కాల్ రికార్డవుతుందమ్మా. మీరే చెప్పాలి."

కోడలు గిన్నెలు కడుగుతోంది. కొళాయి కట్టేసింది.

"ఏమీ కాదు" అన్నాను.

"మంచిదండి. ఇంకొకటి. ఆపదొస్తే ఫోన్ చెయ్యమని ఆవిడ మీ నంబరే ఇచ్చారు. పక్కన అత్తగారు అని ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి కుదరదు. ఏమని మార్చమంటారు?"

నంబరు తీసేస్తాడేమోనని భయపడుతున్నదాన్ని, ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నాను.

"తెలిసినావిడ అని రాయి."

"తెలిసినావిడ" అని అతను పైకి అనుకుంటూ రాసుకున్నాడు. "సోమవారం ఎనిమిదింటికల్లా రమ్మనండి."

కొళాయి మళ్ళీ వదిలిన చప్పుడైంది.

ఆదివారం బస్సెక్కించడానికి వెళ్ళాను. బోర్డు మీద ఊరి పేరు చదివాను. తప్పు బస్సయితే బాగుండునని రెండోసారి చదివాను. సరైన బస్సే. నీళ్ళ సీసా మూత బిగించిందో లేదో చూశాను. బస్సు కదిలేదాకా వేరే పని ఏమీ దొరకలేదు.

సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అత్తయ్యా, మందులేసుకున్నారా?"

"మెల్లగా. ఎవరైనా వింటారు."

"ఎవరు వింటారండీ?"

"ఎల్లుండి గారు. నువ్వు అత్తయ్యా అనడం వింటే సీటు తీసేస్తాడేమో."

ఆమె నవ్వింది. "ఇక్కడే టీ తాగుతున్నాడు. పాపం, బక్కపలచగా ఉన్నాడు. నేనింకా ఏనుగంత ఉంటాడనుకున్నాను."

"అతని ముందు అత్తయ్యా అనకు మరి."

"అనకపోతే ఏమని పిలవమంటారు?"

ఆలోచించాను.

"ఈ నాలుగు రోజులూ ఏమీ పిలవకు. ఊరికే మాట్లాడు."

ఊరికే మాట్లాడింది. బండి ఎక్కడానికి మూడు మెట్లున్నాయట. సీటు వెనక పడుకోవడానికి చిన్న అర ఉందట. అద్దంలో చూస్తే తన బండి తోక తనకే కనబడనంత దూరంలో ఉందట. వాళ్ళను లోపలికి పిలిచారు.

"ఉంటానండి, అత్త..." అని, అక్కడ ఆపి, పెట్టేసింది.