పొంగనివ్వని చెయ్యి

పాలు గిన్నె అంచు దాటబోతున్నాయనగా దూలయ్య చెయ్యి దానంతటదే లేచింది. పట్టకారుతో గిన్నెను జానెడు పైకెత్తి, నురగ కుంగగానే మళ్లీ పొయ్యి మీద దించింది. దూలయ్య మాత్రం అటు చూడనే లేదు. ఆయన కళ్లు పోలీసు క్యాంపు నుంచి వచ్చిన జవాన్ల గ్లాసుల మీద ఉన్నాయి, నోరు పక్కన పంక్చర్ షాపు నడిపే జానీ మియాతో వాదిస్తోంది. పాల సంగతి చూసుకోవడానికి చెయ్యి ఒక్కటి చాలు.

చర్ల బస్టాండు ఎదుట వెంకటప్పయ్య హోటల్లో దూలయ్య ముప్ఫై ఆరేళ్లుగా టీ మాస్టరు. సన్నటి మనిషి. ఎడమ చెయ్యి కన్నా కుడి చెయ్యి లావు. ముంజేతి మీద వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయాయి, మళ్లీ మొలిచే ధైర్యం చేయలేదు. ఆవిరికి కనుబొమలు రాలిపోయి, ఎప్పుడు చూసినా అప్పుడే ఏదో వింత విన్నవాడిలా ఉంటాడు. పనిలో చేరిన మూడో రోజున ఒకే ఒక్కసారి పాలు పొంగించి, పాత మాస్టరు చేతిలో చివాట్లు తిని మూడు పొయ్యిలూ తోమాడు. ఆ తర్వాత ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. తన బతుకులో చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే కనుక, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెబుతుంటాడు.

ఈ గొప్ప బంధువుల్లో మాత్రం పరువు తీసింది. కూతురు భాను కారేపల్లిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేస్తే, పొంగాల్సిన పాలను అయ్యగారి కళ్లముందే పైకెత్తి పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా వియ్యపురాలు ఇప్పటికీ ఆ పాల మాటే ఎత్తుతుంది. అప్పటి నుంచి చుట్టాలు గృహప్రవేశాలకు దూలయ్యను సరిగ్గా భోజనాల వేళకు పిలుస్తున్నారు.

ఆ రోజు రథసప్తమి. ఏటా ఆ రోజున వెంకటప్పయ్య తల్లి కాంతమ్మ హోటల్ ముందు వాకిట్లో సూర్యుడికి పాలు పొంగిస్తుంది. సంక్రాంతి నెలలో పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి దాచి, ఆ మంట మీద కొత్త కుండలో పాలు కాచి, పొంగాక అందులోనే బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండుతుంది. చిక్కుడాకుల్లో పెట్టి బస్టాండంతా పంచుతుంది. పాలు పొంగే ఆ కాసేపూ దూలయ్య వాకిట్లోకి రాకూడదు. ఇది ఆమె పెట్టిన రూలు.

ఈ ఏడు ఆమె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గొబ్బెమ్మలు లేవు, పిడకలూ లేవు. వెంకటప్పయ్య ఫోన్లో నొక్కి పిడకలు తెప్పించాడు. అవి ప్లాస్టిక్ సంచిలో, మీద నవ్వుతున్న ఆవు బొమ్మతో వచ్చాయి. పేడ కన్నా రంపపు పొట్టు ఎక్కువ. వెంకటప్పయ్య సగం అగ్గిపెట్టె గీశాడు. బస్టాండు కనపడనంత పొగ వచ్చింది కానీ మంట రాలేదు. కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"దూలయ్యా, జర నువ్వే వచ్చి రాజెయ్యి. నాతోని అయితలేదు."

"నేనొస్తే ఏమైతదో నీకెరుకే కద సేటు."

"మంటవెట్టి చేతులు కట్టుకో. గంతే."

కాంతమ్మ గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లవారకముందే తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ల మీద రెండు, పాదాల మీద రెండు, మొత్తం ఏడు జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని నీళ్లు పోసుకుంది. ఒక రేగుపండు ఇంకా జడ ముడిలోనే ఉంది. ఎవరికీ చెప్పే ధైర్యం లేకపోయింది.

"పెద్దమ్మా, పాలు పొంగిస్తే సూర్యునికి ఏమొస్తది?" అని అడిగాడు జానీ మియా.

"ఇయ్యాల ఆయన పుట్టినరోజురా. ఏడు గుర్రాల రథం ఉత్తరం దిక్కు మలుపుతడు. ఇగ దినాం ఎండ పెరుగుతది, చేన్లు పండుతయి. కుండ పొంగినట్టే ఇల్లు పొంగాలె. రథానికి ఒక్కటే చక్రం. తోలెటోడు అనూరుడు, ఆయనకు తొడలే లేవు."

"ఒంటి చక్రం బండి, కాళ్లు లేని డ్రైవరు," అన్నాడు దూలయ్య పిడకలను విరిచి పేరుస్తూ. "అయినా మన చర్ల బస్సు లెక్క గాదు, టైముకొస్తడు."

కాంతమ్మ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే ముఖం గట్టిగా పెట్టుకుంది. "నవ్వులకు పోకు. పాలు పొంగెదాక నేను మంచినీళ్లు గూడ ముట్ట."

ఆమెకు షుగరు. పొద్దున తిని మాత్ర వేసుకోకపోతే పదింటికల్లా కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

దూలయ్య చేతిలో ఆ బొమ్మల పిడకలు కూడా బుద్ధిగా మండాయి. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాల మీద మీగడ కట్టింది, ముడతలు పడింది, చిట్లింది. నురగ పైకొచ్చింది. మరుక్షణం కుండ గాల్లో ఉంది. దాని కింద దూలయ్య తువ్వాల, తువ్వాల కింద దూలయ్య చెయ్యి.

"దించురా! నీ చెయ్యి పడిపోను!" అని కేకేసింది కాంతమ్మ.

రెండోసారి జానీ మియా పాత సైకిల్ ట్యూబు తెచ్చి దూలయ్య చేతులు వెనక్కి కట్టాడు. పని పక్కాగా చేశాడు, ట్యూబు కదల్లేదు. పాలు పొంగుకొచ్చాయి. దూలయ్య నడుం వంచి ఉఫ్ఫుమని ఊదాడు. నురగ కుంగింది. పాలు ఎంగిలయ్యాయి.

ఆ పాలు టీకి పోయాయి. మూడోసారి ఆయన్ను రోడ్డుకు అవతల, భద్రాచలం బస్సు వెనక నిలబెట్టారు. దూలయ్య అటు పోగానే మంట కూడా పోయింది. వెంకటప్పయ్య ఊదీ ఊదీ తుమ్ముతుంటే బూడిద లేచి కుండలో పడింది. ఇక మంచి పాలు మూడింటికి వచ్చే వ్యాను మీదే.

"మాత్ర ఏసుకోవే అమ్మా," అని బతిమాలాడు వెంకటప్పయ్య.

"పొద్దు కుంకలేదు కద. ఇంకా టైమున్నది," అంది కాంతమ్మ. గొంతు అప్పటికే సన్నబడింది.

మధ్యాహ్నమంతా దూలయ్య టీ పోశాడు కానీ తాను తాగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అననందుకే ఆయనకు సిగ్గేసింది. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. జానీ మియా ట్యూబు బిగించి కట్టాడని తిట్టుకుంటూ రుద్దుకున్నాడు. ఇరవై ఏళ్ల కింద తనకు కామెర్లొచ్చి, చుట్టాలంతా మొహం చాటేస్తే, కాంతమ్మ నలభై రోజులు మజ్జిగన్నం కలిపి పెట్టింది. ఆమె కోసం ఈ చెయ్యి నరుక్కోమన్నా నరుక్కునేవాడు. ఊరికే ఉంచమంటేనే కుదరడం లేదు.

వ్యాను మూడింటికి రావలసింది మూడున్నరకు వచ్చింది. కాంతమ్మ తల గోడకు ఆనించి కళ్లు మూసుకుని ఉంది. నుదుటి మీద చెమట. దూలయ్య సాయంత్రం టీకి పాలు లోపలి పొయ్యి మీదికెక్కించి, వాకిట్లోకి వచ్చి ఆమెను చూసి, మంట రాజేసి కుండ పెట్టాడు. తర్వాత స్టూలు తెచ్చి ఎదురుగా వేసుకుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఇగో, నా చేతుల మీద నేనే కూసున్న. ఈసారి లేస్తే నన్నడుగు."

"నోటితోని ఊదకు మల్ల," అంది కాంతమ్మ కళ్లు తెరవకుండానే.

"నోరు గూడ మూస్తున్న."

టీ కోసం వచ్చినవాళ్లు టీ సంగతి మరిచి చుట్టూ చేరారు. భద్రాచలం బస్సు కండక్టరు కూడా విజిల్ నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మీగడ కట్టింది. ముడతలు పడింది. చిట్లింది. కాంతమ్మ కళ్లు తెరిచింది. పాలు అంచుదాకా వచ్చాయి, అంచు మీద ఒక్క క్షణం ఆగాయి. అందరూ కుండను వదిలి దూలయ్య భుజాలవైపు చూశారు. భుజాలు కదల్లేదు. పాలు పొంగాయి. తూర్పువైపుకే పొంగి, కుండ మీదుగా జారి, మంటలో చుయ్యిమన్నాయి.

కండక్టరు పట్టలేక విజిల్ ఊదాడు. డ్రైవరు బస్సును ఇరవై అడుగులు పోనిచ్చి ఆపాడు. జనం చప్పట్లు కొట్టారు. కాంతమ్మ వాలుతున్న సూర్యుడికి రెండు చేతులూ జోడించింది. "పొంగినయ్! దూలా, చూసినవా, పొంగినయ్!"

"సెబాష్ దూలయ్యా! చెయ్యి మీదికి రాలే!" అని జానీ మియా వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచాడు.

దూలయ్య స్టూలు మీద నుంచి మెల్లగా పక్కకు ఒరిగాడు. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ ఆశ్చర్యమే ఉంది.

జీపులో సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు చూసి, గుండె ఆగిందని, నొప్పి కూడా పెద్దగా తెలిసి ఉండదని చెప్పాడు.

"పాలు పొంగకముందా సారూ, పొంగినంకనా?" అని అడిగాడు జానీ మియా ఏడుస్తూ. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

బస్టాండు దగ్గర ఆ మాట మీద రెండు పార్టీలయ్యాయి. ప్రాణం ముందే పోయింది కనుకనే చెయ్యి లేవలేదని కొందరన్నారు. ప్రాణం పోయినా ఆ చెయ్యి లేచేదేనని ఇంకొందరన్నారు. కాంతమ్మ ఎవరి మాటా సాగనివ్వలేదు.

"మీరంత కుండనో, వాని భుజాలనో చూసిన్రు. నేను వాని మొకం చూసిన. పాలు పొంగుతుంటే నవ్విండు. నా కోసం వాడే పొంగనిచ్చిండు." ఆ కుండలోని పాలే ఒక గ్లాసు పోయించుకుని, వెక్కుతూనే తాగి మాత్ర వేసుకుంది.

పొద్దు గూకే వేళకు కారేపల్లి నుంచి భాను బయలుదేరిందని ఫోను వచ్చింది. వెంకటప్పయ్య హోటల్ షట్టరు దించడానికి వచ్చాడు. దీపం వేయబోయి, లోపల పొయ్యి ఇంకా వెలుగుతూ ఉండటం చూసి ఆగాడు. మంట వేలి గోరంత సన్నగా తగ్గించి ఉంది. దాని మీద పెద్ద గిన్నె నిండా సాయంత్రం టీకి పెట్టిన పాలు, అంచుకు వేలెడు కింద, ఒక్క చుక్క బయట పడకుండా మెల్లగా వణుకుతూ ఉన్నాయి.